గంతలు కట్టినా రంగు తప్పని పురుగు

పెరట్లో కరివేపాకు మొక్కో నిమ్మచెట్టో ఉన్నవాళ్లకి ఈ పురుగు కొత్తది కాదు. చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్టరెట్టే అనిపిస్తుంది. పెద్దయ్యేసరికి ఆకుపచ్చగా నున్నగా తేలి, లేత రెమ్మల్ని ఒక్క రాత్రిలో బోడి చేసేస్తుంది. తిండి చాలించిన రోజున ఓ తడి చుక్క వదిలి కడుపు ఖాళీ చేసుకుంటుంది. ఇక చోటు వెతుకులాట. కొమ్మలెక్కి, దిగి, ఒక్కోసారి చెట్టు దిగిపోయి గోడదాకా పాకి, ఎక్కడో ఆగుతుంది. అక్కడ పట్టుదారంతో చిన్న మెత్త వేసి తోకను దానికి తగిలిస్తుంది. నడుం చుట్టూ మరో దారం పోసుకుని, ఆ దారానికి జారగిలబడి కదలకుండా ఉండిపోతుంది. కొన్ని గంటలు గడిచాక వీపు మీద చర్మం చీలుతుంది. పురుగు మెలికలు తిరుగుతూ ఆ పాత చర్మాన్ని తోకదాకా నెట్టేస్తుంది. మిగిలింది ప్యూపా.

ఇంతవరకూ బడిపుస్తకంలో ఉన్నదే. పచ్చటి రెమ్మల మధ్య ఆగిన పురుగు ఆకుపచ్చ ప్యూపా అవుతుంది. ఎండుపుల్ల మీదికో గోడ మీదికో చేరిన దాని తోబుట్టువు గోధుమరంగు ప్యూపా అవుతుంది. ఒకే తల్లి గుడ్లు, ఒకే చెట్టు ఆకులు. అయినా రెండు రంగులు.

రెక్కలొచ్చేదాకా కదలలేక, కరవలేక, పారిపోలేక వేలాడే ఆ ప్రాణికి రంగు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. పిట్ట కంట పడకపోవడమే దాని బతుకు. తేలనిది మరొకటి. తానున్న చోటు ఏ రంగులో ఉందో పురుగుకి ఎలా తెలిసింది? తెలిసింది సరే, ఆ కబురు ఒంటినిండా ఎలా పాకింది? ఈ ముడి మీద చేతులు పడి నూటయాభై ఏళ్లు దాటింది. కొన్ని పోగులు ఊడాయి. ఒకటి రెండు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

ముందుగా ఒక అనుమానాన్ని పక్కన పెట్టేయాలి. పురుగులు రంగు మార్చడం అనగానే చాలామందికి ఊసరవెల్లి గుర్తొస్తుంది. అలా చిటికెలో మార్చేవీ ఉన్నాయి. పనామాలో బంగారు రేకు తొడిగినట్టుండే తాబేలు పెంకుపురుగు ఒకటుంది. దాన్ని కదిలిస్తే ఒకట్రెండు నిమిషాల్లో ఎర్రబడుతుంది. 2007లో బెల్జియం భౌతికశాస్త్రవేత్త జాన్ పోల్ విన్యరోన్ బృందం దాని గుట్టు తేల్చింది. పెంకు పొరల మధ్య ఉన్న ద్రవం వెనక్కి పోగానే బంగారు మెరుపు ఆరిపోయి, అడుగున ఉన్న ఎరుపు బయటపడుతుంది. అక్కడ నడిచేది వెలుతురూ ద్రవమూ. మన పురుగుది వేరే దారి. ఇది గంటలు, రోజులు తీసుకుని కొత్త చర్మాన్నే ఆ రంగులో తయారు చేసుకుంటుంది. ఒకసారి ప్యూపా గట్టిపడ్డాక వెనక్కి తిరగడం లేదు. కాబట్టి తప్పు చేసే వీల్లేదు. చోటు గురించి ముందే సరైన సమాచారం అందాలి.

మొదటి ఆధారం 1867లో లండన్ ఎంటమలాజికల్ సొసైటీ సమావేశంలో కనిపించింది. టి. డబ్ల్యు. వుడ్ అనే ఆయన కొన్ని ప్యూపాలు పట్టుకొచ్చి చూపించాడు. వృత్తిరీత్యా ఆయన బొమ్మలు గీసేవాడు. డార్విన్, వాలెస్ పుస్తకాలకు జంతువుల, పక్షుల చిత్రాలు వేసిన చేయి అది. రంగుల తేడా అలాంటి కంటికే ముందు దొరకడంలో వింతేమీ లేదు. క్యాబేజీ మీద పెరిగే తెల్ల సీతాకోకచిలుకల ప్యూపాలు అవి అంటుకున్న చోటు రంగునే పోలి ఉన్నాయని ఆయన ఎత్తి చూపాడు. కారణం కూడా చెప్పాడు. అప్పుడే బయటపడ్డ ప్యూపా చర్మం తడిగా మెత్తగా ఉంటుంది, ఆ కాసేపూ అది ఫొటోగ్రఫీ పలకలా పనిచేసి, చుట్టూ ఉన్న రంగును తన మీద అచ్చు వేసుకుంటుంది అన్నాడు.

ఫొటోగ్రఫీ అప్పటికి కొత్త వింత. దేన్నైనా దానితో పోల్చి చెప్పాలన్న తహతహ ఆ కాలానిది. పోలిక చూడ్డానికి బాగుందిగానీ నిలవలేదు. రఫేల్ మెల్డోలా అనే రసాయనశాస్త్రజ్ఞుడు, ఈయనా డార్విన్ మిత్రబృందంలోని మనిషే, కొన్నేళ్లకే దాన్ని తోసిపుచ్చాడు. ఎదురుగా ఉన్న వస్తువు రంగును ఉన్నదున్నట్టు పట్టి శాశ్వతంగా నిలుపుకునే పదార్థం రసాయనశాస్త్రానికి తెలియదు. ఆనాటి ఫొటో నలుపూ తెలుపే. అలాంటిది పురుగు చర్మంలో రంగు ఫొటో ఎక్కణ్ణుంచి వస్తుంది?

మెల్డోలా మాట కంటే బలమైన దెబ్బ దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. మేరీ ఎలిజబెత్ బార్బర్ రెండేళ్ల పిల్లగా ఇంగ్లండు నుంచి అక్కడికి వెళ్లి, అక్కడే పెరిగి, బడిచదువు లేకుండానే మొక్కల, పురుగుల పరిశోధకురాలైంది. మనుషుల ముఖకవళికల మీద డార్విన్ రాసిన పుస్తకానికి సమాచారం పంపినవాళ్లలో ఆమె ఒకరు. 1874లో అచ్చయిన ఆమె వ్యాసం అక్కడి పెపీలియో నీరియస్ సీతాకోకచిలుక గురించి. మన కరివేపాకు పురుగుకి అది దగ్గరి చుట్టం. నారింజ ఆకుల మధ్య ప్యూపా అయినవి ముదురు పచ్చగా వచ్చాయి. బాటిల్‌బ్రష్ చెట్టు వడలిన ఆకుల మధ్య ఉన్నవి పాలిపోయిన పసుపుపచ్చగా వచ్చాయి. పెట్టె చెక్కకి అంటుకున్నది చెక్క రంగులోకి పోయింది. ఇక్కడిదాకా వుడ్ వాదనకే బలం. తర్వాత ఆమె ఒక ప్యూపాకి ఎర్రటి గుడ్డ పక్కన పెట్టి చూసింది. ప్యూపా ఎర్రబడలేదు.

నా దృష్టిలో ఈ కథ మొత్తంలో మొదటి గట్టి ఆధారం ఇదే. సాధించిన ఫలితాన్నే లెక్కపెట్టే అలవాటు వల్ల, సాధించని ఈ ఫలితం విలువ చాలామందికి పట్టలేదు. ఫొటో పలక రంగుల్ని ఏరుకోదు. ఎదురుగా ఏది పెడితే అది పడాలి. ఈ పురుగు మాత్రం ఏరుకుంటోంది. ఆకులో, పుల్లలో, బెరడులో ఉండే రంగులకే పలుకుతోంది. దాని బతుకులో ఎన్నడూ ఎదురుకాని ఎర్రగుడ్డకి దాని దగ్గర జవాబు లేదు. అంటే బయటి రంగు ఒంటిమీద అచ్చు పడటం లేదు. బయటి రంగు ఒక సంకేతం మాత్రమే. ఆ సంకేతం అందుకుని, తరతరాలుగా తన ఒంట్లో సిద్ధంగా ఉన్న రెండు మూడు రంగుల్లో ఒకదాన్ని పురుగే తయారు చేసుకుంటోంది.

ఇంకో లొసుగూ ఉంది. చాలా పురుగులు చర్మం విడిచేది రాత్రిపూట. కొత్త చర్మం తడి ఆరేలోపు వెలుతురే ఉండదు. మరి చీకట్లో ఏ రంగు అచ్చు పడుతుంది?

ఈ చోట ఎడ్వర్డ్ బాగ్నల్ పౌల్టన్ రంగంలోకి దిగాడు. ఆక్స్‌ఫర్డ్ మనిషి. తర్వాతి రోజుల్లో అక్కడే జంతుశాస్త్రంలో హోప్ ప్రొఫెసర్ అయ్యాడు. హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ల కుటుంబంలో అల్లుడు కాబట్టి డబ్బుకి వెతుక్కోవాల్సిన పనిలేదు. ఉన్న తీరికంతా గొంగళిపురుగుల మీద పెట్టాడు. 1886లో చిన్న టార్టాయిజ్‌షెల్ అనే సీతాకోకచిలుక పురుగుల్ని వందలకొద్దీ పెంచాడు. అవి దురదగొండి జాతి ఆకులు తినే ముళ్ల పురుగులు. నల్ల కాగితం పరిచిన డబ్బాల్లో నల్లటి ప్యూపాలొచ్చాయి. తెల్ల కాగితం మధ్య లేత రంగువి వచ్చాయి, కొన్నిటి మీద బంగారు మెరుపు కనిపించింది. ఆ మెరుపు చూశాక ఆయన డబ్బా లోపల బంగారు రేకు అతికించి చూశాడు. తెల్ల కాగితంలో వచ్చినవాటికంటే ఎక్కువగా ఒళ్లంతా పుత్తడి పోసుకున్న ప్యూపాలు వచ్చాయి. అలాంటి మెరుపు మన గన్నేరు చెట్ల కింద తలెత్తి చూసినా కనిపిస్తుంది. నల్లగోధుమ రెక్కల క్రో సీతాకోకచిలుక ప్యూపా వెండి బంగారాల అద్దంలా ఆకు అడుగున వేలాడుతుంటుంది.

పౌల్టన్ వేసిన మొదటి ప్రశ్న 'ఎలా' కాదు, 'ఎప్పుడు'. పురుగుల్ని ఒక రంగు డబ్బాలోంచి ఇంకో రంగు డబ్బాలోకి వేర్వేరు గంటల్లో మారుస్తూ పోయాడు. బయటపడిన ప్యూపాని ఎక్కడ పెట్టినా దాని రంగు మారలేదు. రంగు ఖాయమయ్యేది అంతకు ముందే, పురుగు తిండి మాని, చోటు చూసుకుని, కదలకుండా ఉన్న సమయంలో. చర్మం విడవడానికి ముందు చివరి 12 గంటలు తీసేస్తే, వాటి వెనకటి సుమారు 20 గంటలే అసలు ఘడియలని లెక్క కట్టాడు. వుడ్ చూపు తప్పు మనిషి మీద ఉందన్నమాట. చుట్టూ ఏముందో గమనిస్తున్నది ప్యూపా కాదు, దాని లోపల ప్యూపాని మోస్తున్న గొంగళిపురుగు.

గొంగళిపురుగే అయితే దానికి కళ్లున్నాయి. తలకి ఒక్కో పక్క ఆరేసి చొప్పున చిన్న చుక్క కళ్లు, కాటుక చుక్కలు పెట్టినంత. సహజంగా అనుమానం వాటి మీదికే పోతుంది. పౌల్టన్ భూతద్దం పెట్టి, ఆ కళ్లన్నిటి మీదా వెలుతురు దూరని నల్ల వార్నిష్ పూశాడు. వాటిని కళ్లున్న తోటి పురుగులతో కలిపి ఒకే డబ్బాలో పెట్టాడు. గుడ్డివీ, చూపున్నవీ ఒకే రంగులో ప్యూపాలయ్యాయి.

కళ్లు నిర్దోషులు. తర్వాతి అనుమానం ముళ్ల మీద. ఈ పురుగు ఒంటినిండా కొమ్మలు కొమ్మలుగా ముళ్లుంటాయి. వెలుతురు పట్టే అవయవాలు అవేనేమో? కత్తిరించి చూశాడు. తేడా లేదు. ఇక మిగిలింది చర్మం ఒక్కటే.

దీని తర్వాత చేసిన ప్రయోగం పౌల్టన్ తెలివికి అద్దం పడుతుంది. చర్మమే వెలుతురును పట్టి, పట్టిన చోటే రంగు చేసుకుంటే, సగం ఒంటికి నలుపూ సగం ఒంటికి బంగారమూ చూపిస్తే ఏమవ్వాలి? సగం నల్లగా సగం బంగారంగా ప్యూపా రావాలి. ఆయన గొట్టాన్ని మధ్యలో అడ్డు పెట్టి రెండు గదులు చేశాడు. ఒక గది గోడలు నల్లనివి, రెండోది బంగారు రేకువి. అడ్డు మధ్యనున్న చిల్లులోంచి పురుగు ఒళ్లు ఇటు కొంతా అటు కొంతా ఉండేలా అమర్చాడు. రెండు రంగుల ప్యూపా ఒక్కటీ రాలేదు. ప్రతిదీ ఒళ్లంతా ఒకే తీరు. ఒంట్లో ఎక్కువ భాగం ఏ గదిలో ఉందో ఆ గది రంగు వైపే మొగ్గింది. అంటే చర్మం చూసింది చూసినట్టు అక్కడికక్కడ తీర్పు చెప్పడం లేదు. ఒంటి నలుమూలల నుంచీ కబుర్లు లోపలికి పోతున్నాయి, లోపల ఒకచోట లెక్క తేలుతోంది, ఆ లెక్క తిరిగి ఒళ్లంతటికీ ఆజ్ఞగా వస్తోంది. దారి నాడులదే అయ్యుండాలని పౌల్టన్ తేల్చాడు.

అంతవరకే వెళ్లగలిగాడు. చర్మంలో ఏది చూస్తోందో తేల్చే సాధనం ఆ కాలంలో లేదు. హార్మోన్ అన్న భావన కూడా ఇంకా పుట్టలేదు. కానీ ఆయన ఆగకుండా, రంగు నిజంగా ప్రాణం కాపాడుతోందా అన్నదీ పరీక్షకు పెట్టాడు. 1898లో కోరా సాండర్స్‌తో కలిసి వందలకొద్దీ ప్యూపాల్ని దురదగొండి మొక్కల మీద, బెరడు మీద, కంచెల మీద అంటించి, పిట్టలు ఎన్ని ఎగరేసుకుపోతాయో లెక్కపెట్టారు. కంచె మీద ఎత్తిచూపినట్టున్నవాటికి నష్టం ఎక్కువ. ప్రకృతి వరణాన్ని ఆరుబయట అంకెల్లో కొలిచిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

ఇప్పుడు కథ ఇంకో పురుగు మీదికి మళ్లాలి. దాని తల్లిదండ్రులు మనవాళ్లకి బాగా తెలుసు. ఇంటర్ జువాలజీలో పారిశ్రామిక మెలనిజం పాఠం చదివినవాళ్లెవరూ పెప్పర్డ్ మాత్‌ని మరిచిపోరు. తెల్లటి రెక్కల మీద మిరియాల పొడి చల్లిన చిమ్మట అది. మాంచెస్టర్ పొగకి చెట్లు నల్లబడితే నల్ల రకం పెరిగిందని పాఠం. నిజమే, కానీ అక్కడ ఏ చిమ్మటా రంగు మార్చుకోలేదు. నల్లదానికి నల్లదనం పుట్టుకతో జన్యువులో వచ్చింది, పిట్టలు తెల్లవాటిని ఏరుకుతిన్నాయి, అంతే. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకి 'చిమ్మట రంగు మార్చుకొనెను' అన్న వాక్యం ఎన్నిసార్లు ఎదురయ్యుంటుందో.

అసలు రంగు మార్చే విద్య ఉన్నది దాని పిల్లకి. ఆ సంగతి మాత్రం పాఠంలో లేదు. పెప్పర్డ్ మాత్ గొంగళిపురుగు ఆముదం చేలో దాసరి పురుగు నడిచినట్టే వీపు విల్లులా ఎత్తి నడుస్తుంది. ప్రమాదం అనిపిస్తే వెనక కాళ్లతో కొమ్మని పట్టుకుని, ఒంటిని వాలుగా చాపి కర్రలా బిగుసుకుపోతుంది. తల మీద చిన్న నొక్కు, మొగ్గ చివరలా. వేలితో తాకేదాకా అది పుల్ల కాదని తెలియదు. బిర్చ్ చెట్టు మీద గోధుమరంగు పుల్ల, విల్లో మీద ఆకుపచ్చ పుల్ల. పౌల్టన్ దీన్నీ వదల్లేదు. 1892లో అచ్చయిన ఆయన ప్రయోగాల్లో, ఒకే ఆకు తిన్న పురుగులు నల్ల పుల్లల మధ్య ముదురు గోధుమగా, పచ్చి రెమ్మల మధ్య పచ్చగా మారాయి.

'ఒకే ఆకు తిన్న' అన్న మాట ముఖ్యం. తిండి ఈ కేసులో మొదటినుంచీ ఉన్న అనుమానితుడు. పురుగు తినేది ఆకు, దాని పచ్చదనం ఆకుదే అనుకోవడం సులువు. కొంత నిజమూ ఉంది. చాలా గొంగళిపురుగుల్లో ఆకునుంచి వచ్చిన పసుపు వర్ణకమూ, పురుగు సొంతంగా చేసుకునే నీలమూ కలిసి పచ్చ అవుతుంది. ముడిసరుకు తిండిదే. ఏ రంగు నేయాలో చెప్పేది కూడా తిండేనా అన్నదే తగువు.

1989లో ఈ తగువు గట్టిగా రాజుకుంది. అమెరికాలో ఎరిక్ గ్రీన్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక ఓక్ చెట్టు పురుగు గురించి రాశాడు. నిమోరియా అరిజొనేరియా దాని పేరు. వసంతంలో పుట్టినవి ఓక్ పూల వెన్నులు తిని, అచ్చం ఆ వెన్నుల్లాగే పసుపుగా, గరుకుగా తయారవుతాయి. వేసవిలో పుట్టినవి ముదురాకులు తిని పుల్లల రూపం తీసుకుంటాయి. వేడినీ వెలుతురునూ మార్చి చూస్తే తేడా రాలేదు. తిండి మారిస్తే వచ్చింది. వెన్నుల తిండిలో టానిన్లు కలిపి పెడితే వెన్నులు తింటూనే పురుగు పుల్ల అయ్యింది. ఆకుల్లోని వగరే దానికి సంకేతం.

మరి పౌల్టన్ పొరబడ్డాడా? లేదు. నిమోరియాకి వెన్ను దొరికే కాలం వేరు, ఆకు ముదిరే కాలం వేరు. నాలుక్కి తగిలిన వగరే దానికి పంచాంగం చెప్పేస్తుంది. పెప్పర్డ్ మాత్ పిల్ల అలా కాదు, ఎన్నో రకాల చెట్ల మీద బతుకుతుంది. గాలికి దారం పట్టుకుని తేలి ఏ చెట్టు మీద వాలుతుందో దానికే తెలియదు. రుచిని నమ్ముకుంటే దాని ప్రాణం పోతుంది. 2008లో మొహమ్మద్ నూర్, రాబిన్ పార్నెల్, బ్రూస్ గ్రాంట్ అమెరికా పెప్పర్డ్ మాత్ పురుగుల మీద దీన్ని తిరిగి పరీక్షించారు. తిండినీ, పుల్లల రంగునీ విడివిడిగా మార్చారు. అసలు పుల్లలే కాకుండా కృత్రిమ పుల్లలూ వాడారు. తిండి ప్రభావం నామమాత్రం, పరిసరాల రంగుదే పైచేయి. వెలుతురు ఎక్కువా తక్కువా అన్నది కాదు, ఏ రంగు వెలుతురు అన్నదే లెక్కలోకి వచ్చింది. చివరి దశ దాకా పురుగు రంగు తిప్పుకోగలదు కూడా. ప్యూపాలా ఒకసారి తీర్పుతో దీని పని అయిపోదు.

వెలుతురే అని తేలింది కాబట్టి మళ్లీ పాత ప్రశ్నే తలెత్తింది. ఏ అవయవంతో? ఈసారి లివర్‌పూల్‌లో ఇలిక్ సచ్చేరి ప్రయోగశాల, ఏమీ ఈకాక్, హన్నా రోలండ్ కలిసి పౌల్టన్ వార్నిష్ ప్రయోగాన్ని మళ్లీ చేశారు. 2019లో అచ్చయింది. వార్నిష్ బదులు నల్ల అక్రిలిక్ రంగు. సన్న కుంచెతో ఒక్కో కంటి చుక్క మీదా పూయాలి. పురుగు చర్మం విడిచినప్పుడల్లా పూతా ఊడిపోతుంది, మళ్లీ పూయాలి. ఇలా మూడొందలకు పైగా పురుగులు. నలుపు, తెలుపు, గోధుమ, ఆకుపచ్చ రంగులు వేసిన చెక్క పుల్లల మధ్య వాటిని వదిలారు. ఫలితం మారలేదు. గంతలున్నవీ లేనివీ ఒకేలా పుల్ల రంగులోకి వచ్చాయి.

పౌల్టన్ దగ్గర లేని సాధనం వీళ్ల దగ్గర ఉంది. కంట్లో వెలుతురును పట్టే ప్రోటీన్లని ఓప్సిన్లు అంటారు. అవీ, వాటి వెంట కబురు మోసే మిగతా ప్రోటీన్లూ ఏ జన్యువుల వల్ల తయారవుతాయో ఇప్పుడు తెలుసు. ఆ జన్యువులు పురుగు ఒంట్లో ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో వెతికారు. తలలో ఉన్నాయి, ఉండాల్సిందే. చర్మంలోనూ, ఒంటి ముక్కముక్కలోనూ ఉన్నాయి. ఒక ఓప్సిన్ అయితే తలలో కంటే చర్మంలోనే ఎక్కువ.

1867లో బొమ్మలు గీసే వుడ్ 'చర్మం' అన్నాడు. చెప్పిన కారణం తప్పు, చూపిన దశ తప్పు, కానీ ఆ ఒక్క మాట ఒప్పు. అంత మాత్రాన కేసు మూసేయడానికి లేదు. గంతల ప్రయోగం చెప్పింది కళ్లు అక్కర్లేదని. చర్మంలో దొరికిన జన్యువులు బలమైన అనుమానితులు. ఆ ఓప్సినే రంగు పసిగట్టి, వర్ణకం తయారీకి ఆజ్ఞ పంపుతోందని చూపిస్తే తప్ప అనుమానితుడు దోషి కాడు.

ఆజ్ఞ పాకే దారి గురించి మాత్రం జపాన్ నుంచి మంచి ఆధారం ఉంది. 1950లలో తొషితాకా హిదాకా నిమ్మ, నారింజ చెట్ల మీద బతికే పెపీలియో పురుగుల్ని తీసుకుని, ప్యూపా కాబోయే ముందు నడుం దగ్గర దారంతో బిగించి కట్టాడు. రక్తం ముందునుంచి వెనక్కి పారకుండా. దారానికి ముందున్న సగం గోధుమగా, వెనక సగం పచ్చగా ప్యూపా వచ్చింది. పౌల్టన్ రంగుల గదులు పెట్టి ఎంత ప్రయత్నించినా రాని రెండు రంగుల ప్యూపా, ఒక దారప్పోగుతో వచ్చేసింది. గోధుమరంగు చేయమనే హార్మోన్ ముందు భాగంలోని నాడీముడుల నుంచి వస్తోంది. అది అందని చోటు పచ్చగానే ఉండిపోతోంది. పౌల్టన్ ఊహించిన 'లోపల తేలే లెక్క' ఇదే. నాడుల దగ్గర మొదలై, రక్తంలో కలిసి ఒళ్లంతా చుట్టివస్తోంది.

కరివేపాకు పురుగు కుటుంబం దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకో మెలిక చెప్పాలి. ఇదే పెపీలియో వంశంలో జపాన్ పురుగుల మీద తర్వాత చేసిన పనిలో, వెలుతురు ఒక్కటే కాదని తేలింది. కాళ్ల కింద చోటు నున్నగా ఉందా గరుకుగా ఉందా అన్నది వీటికి గట్టి సంకేతం. గరుకుచోట గోధుమరంగు ప్యూపాలు ఎక్కువ. పచ్చి రెమ్మ నున్నన, ఎండు బెరడు గరుకు. చీకట్లోనూ కాళ్లకి తెలిసే తేడా అది. కేరళలో తిరువనంతపురం ఐసర్ పరిశోధకులు గడ్డి తినే ఒక బుష్‌బ్రౌన్ సీతాకోకచిలుక మీద 2017లో ప్రచురించిన పనిలో మరో సంకేతం దొరికింది, గాలిలో తేమ. తేమ ఎక్కువైతే పచ్చ, తగ్గితే గోధుమ. వానలకి పచ్చబడే, ఎండకి మాడే మన నేలల్లో ఇంతకంటే నమ్మకమైన కబురు ఏముంటుంది?

ఒకే తాళంచెవి దొరుకుతుందనుకున్న చోట నాలుగు దొరికాయి: వగరు, వెలుతురు, గరుకు, తేమ. నూటయాభై ఏళ్ల వాదనల్లో సగం ఇక్కడే పుట్టాయని నా అభిప్రాయం. ఒకరు తమ పురుగు చెప్పిన జవాబును పక్కవాడి పురుగు మీద రుద్దడమే తప్ప, చాలామంది ప్రయోగాలు తప్పేమీ కావు.

లివర్‌పూల్ ప్రయోగంలో రెండో సగం ఒకటి ఉంది. వార్తల్లో దాన్ని చివరి వాక్యంలో సర్దేశారు, నన్ను మాత్రం అదే ఎక్కువ పట్టుకుంది. రంగు మారడం అయిపోయాక, పురుగుల్ని రెండు రంగుల పుల్లల మధ్య వదిలారు, ఎక్కడ ఆగుతాయో చూద్దామని. నూటికి ఎనభై దాకా తమ ఒంటి రంగు పుల్లనే ఎంచుకున్నాయి. గంతలున్నవీ అంతే. చుట్టూ ఉన్న రంగు చర్మానికి తెలుస్తుందంటే ఒప్పుకున్నాం. ఇక్కడ దానికి రెండు రంగులు తెలియాలి, పుల్లదీ తనదీ. తన ఒంటి రంగు తనకి ఎలా తెలిసింది? చర్మంలోని వర్ణకం గుండా వడగట్టుకుని దిగే వెలుతురును అడుగున ఉన్న ఓప్సిన్ కొలుస్తోందా? పచ్చటి ఒంటి కింద పచ్చ వెలుతురే పడుతుంది కాబట్టి, పచ్చ పుల్ల దగ్గర ఆ కొలత ఒక తీరుగా, గోధుమ పుల్ల దగ్గర ఇంకో తీరుగా ఉండొచ్చు. లేక పెరుగుతున్నన్నాళ్లూ చూసిన రంగునే గుర్తుపెట్టుకుని వెతుక్కుంటోందా? ఈ రెంటినీ విడదీయడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. గోధుమ పుల్లల మధ్య పెరిగిన పురుగు ఒంటికి పచ్చరంగు పూసి, మళ్లీ పుల్లల మధ్య వదిలితే చాలు.